రెండు పాటలకొక బిందె

ఏంది సారూ గిది? గిదేం రాత? జర మల్లొక్కపారి సదువుండ్రి. నాకు సదువు రాదు గని చెవులైతే మంచిగనే ఉన్నయ్.

"గాయని ప్రియదర్శిని, వద్దని చెప్పినా వినకుండా, కాళ్ళకు చెప్పులు లేకుండా, తడి చేతులతో మైకు పట్టుకొనుట వలన, తన అజాగ్రత్త చేతనే..." ఆగుండ్రి, ఆగుండ్రి. వద్దని ఎవరు చెప్పిండ్రు? నేనా? కింద నా పేరే ఉన్నదా? మైకు సెట్టు వీరేశం, ఖాజాగూడ అని? ఏలిముద్రకు జాగ గూడ ఇడిసిపెట్టిండ్రా? వారెవ్వా! లగ్గం పత్రిక లెక్క తయారు జేసిండ్రు. నాలుగు మూలలకు పసుపు పెట్టుడొక్కటే తక్కువ.

నేను ముద్ర ఎయ్య సారూ. ఎయ్యనంటే ఎయ్య.

గరం గాకుండ్రి. చాయ్ తాగుండ్రి, సల్లారుతున్నది. మీరు కరెంటు ఇన్‌స్పెక్టరు, పెద్దోల్లు. గోదావరి దిక్కు నుంచి వచ్చినట్టున్నరు, అండి అండి అంటున్నరు, ఇననీకి మంచిగనే ఉన్నది. గని ఆమె సచ్చి ఇయ్యాల్టికి ఇరవై రెండు దినాలు. మే నెల ఎండల, కొండాపూర్ల గా కొత్త కంప్యూటర్ కంపెనీ బిల్డింగు ముంగట, పదివేల మంది సూస్తుంటె షాక్ కొట్టి స్టేజి మీద కూలవడ్డది. ఎందుకు సచ్చింది అని రాసుడు మీ పని. రాయుండ్రి. ఆమె తప్పుతోనే సచ్చింది అని రాస్తే మాత్రం నా ఏలు లేవది.

ఎవరు, రవీందర్ సారా? బయట జీపుల కూసున్నడా? తెలుసు, ఆయనే తోల్కొచ్చిండు. గా ఫంక్షను కాంట్రాక్టు ఆయనదే గదా. "పోయి ఏలొత్తి రా వీరేశం, అయిదు నిమిషాల పని" అన్నడు. అయిదు నిమిషాలల్ల ఒక మనిషి పేరు కరాబ్ చెయ్యొచ్చని నాకు గప్పటిదాంక ఎరికలేదు.

మీరు ప్రియమ్మ పాట ఇన్నరా?

క్యాసెట్ల ఇన్నరా? మీ బిడ్డ ఇంటదా? అయితే మీరు ఏం ఇననట్టే సారూ. తప్పు పట్టకుండ్రి. క్యాసెట్ల పాటంటే ఎండుచాప. స్టేజి మీద పాటంటే చెరువుల ఎగిరే చాప. చాప అదే. గని దాని మీద ఎండ మెరుసుడు ఏడికెల్లి తెస్తరు?

గిప్పుడు సచ్చినంక ప్రతి ఆటోల ఆమె క్యాసెట్టే. మదీనాగూడ రోడ్డు మీద చాయ్ హోటల్ల గదే. ఇనలేక పోతున్న సారూ. గా క్యాసెట్లోల్లు ఆమె ఊపిరి కోసేసిండ్రు. ఊపిరి ఎట్ల కోస్తరంటరా? పాటకు ముందల ఊపిరి గుంజుకునేది ఆమె, కొలిమి తిత్తి లెక్క. హుఁ... అని. నేను స్టేజి ఎనుక ఉంటుంటి గదా, నాకు ముందుగాల గదే ఇనవడేది. గది ఇనంగనే నా ఈపుల సలి పుట్టేది. క్యాసెట్ల గది లేదు. సప్పుడని తీసేసిండ్రంట!

ఆమె స్టేజి మీద పాడినయి నూట పదకొండు ప్రోగ్రాంలు. నూట పదకొండుకు నూట పదకొండు నేనే మైకు సెట్టు పెట్టిన.

సరే, అరవై.

గట్ల సూడకుండ్రి సారూ, నలభై మూడు. నలభై మూడు పక్కా, దేవుని మీద ఒట్టు.

మా ఖాజాగూడ గుట్టల కాడ ఒక బండ ఉండె. రెండు ఏనుగులంత. జాగ సదును జెయ్యనీకి నాలుగు పార్ల పేల్చే మందు పెట్టిండ్రు, పగల్లే. గా పక్క మైదానంల ప్రియమ్మ ప్రోగ్రాం. ఆఖరు పాటల పైకి ఒక్క కూత తీసింది సూడుండ్రి, చెరువుల కొంగలు లేసిపోయినయ్. తెల్లారి పోయి సూస్తే బండ రెండు చెక్కలు! నవ్వుతరేంది? నా దోస్తు తిరుపతి సాక్షి. ఆఁ, తాగిండు, ఒప్పుకుంట. తిరుపతి తాగిండు గని బండ తాగలే గదా?

సరే, అది ఇడిసిపెట్టుండ్రి. గిది మాత్రం నిజం.

మదీనాగూడల ఒక పారి సగం ప్రోగ్రాంల కరెంటు పోయింది. ట్రాన్స్‌ఫార్మరే పేలింది. మూడు వేల మంది. కుర్చీలు ఇసురుతరని రవీందర్ సారు డేరా ఎనుక దాసుకున్నడు. ప్రియమ్మ ఏం జేసిందో ఎరికనా? మైకు పక్కకు పెట్టి, స్టేజి అంచు మీద కాల్లు ఏలాడేసుకొని కూసున్నది, బాయి గడ్డ మీద కూసున్నట్టు. షురూ జేసింది. మైకు లేదు, బాక్సులు లేవు, తబలా గూడ లేదు. మూడు వేల మంది ఊపిరి బిగవట్టుకున్నరు సారూ. ఒక చంటిపిల్ల ఏడిస్తే తల్లి నోటికి కొంగు అడ్డం పెట్టింది. రోడ్డు మీద బొంబాయి లారీలోల్లు ఇంజన్లు బంద్ జేసుకొని దిగి నిలవడ్డరు. అర్ధగంట పాడింది. మల్ల కరెంటొస్తే జనం "అయ్యో!" అన్నరు. కరెంటొస్తే అయ్యో అన్నోల్లను మీరెన్నడన్న సూసిండ్రా, ఇన్‌స్పెక్టరై?

ఆమె ఒక పాట రెండు తీర్ల పాడేది కాదు, పది తీర్ల పాడేది. పొద్దున కూలికి పోయొచ్చిన జనముంటే ఒక తీరు, గీ కంప్యూటర్ పోరగాల్లుంటే ఒక తీరు. పల్లవి ఎత్తుకునే ముందల ఎడమ మడిమతోని స్టేజిని మూడు పార్ల తన్నేది. దబ్ దబ్ దబ్. పలకల కింద నా చెయ్యుంటే, అరచేతిల తెలిసేది. తబలాయన గూడ గా మడిమ సూసే కొట్టేటోడు.

ఆఁ, మడిమ. గక్కడికే వస్తున్న. చెప్పులు.

ఆమెది కడప దిక్కు. తండ్రి ఓబులేసు సారు మదీనాగూడల ఇల్లు కట్టుకున్నడు. పెద్ద సింగర్ అయినా, గోడల మీద బొమ్మలు వడ్డా, స్టేజి ఎక్కే ముందల చెప్పులు కిందనే ఇడిసేది. పలకకు చెయ్యి తాకిచ్చి కండ్లకద్దుకునేది. నలభై మూడు ప్రోగ్రాంలు, ఒక్కనాడు చెప్పులేసుకొని ఎక్కలే. ఇగ తడి అంటరా? ఆఖరు పాటకు ముందల ఒక చెంబు నీల్లు నెత్తిన గుమ్మరిచ్చుకునేది. జనం పిచ్చోల్లయ్యేటోల్లు. ప్రతి పారి గంతే. రవీందర్ సారుకు ఎరికే, పోస్టర్ మీద గూడ గా తడిసిన బొమ్మనే ఏయించిండు. గిప్పుడేమో "వద్దని చెప్పినా వినకుండా"!

లెక్క మీరే సూడుండ్రి. నలభై మూడు పార్ల ఒట్టి కాల్లు. నలభై మూడు పార్ల తడి. నలభై రెండు పార్ల సావలే. మరి తప్పు కాల్లదెట్లయితది?

మెషిన్‌దా? నా మెషిన్‌దా?

మైకు సప్పుడు పెంచే మెషిన్ నాది పాతదే. దాని డబ్బాకెల్లి మైకు దాంక ఎంతో కొంత కరెంటు కారుతది. ఏ పాత మెషిన్‌కు కారదో చెప్పుండ్రి. కారే కుండ కింద సట్టి పెడతరు, కుండను తిడతరా? గా సట్టే ఎర్తింగు. మీకు నేను చెప్పుడేంది గని, మీరు కరెంటును కాయితం మీద సూసిండ్రు, నేను దాంతోని కాపురం జేసిన. ఎర్తింగు మంచిగుంటే కారిన కరెంటు భూమిలకు పోయి సల్లగ పండుకుంటది. ఎర్తింగు ఎండిందనుకో, దానికి భూమి తొవ్వ దొరకది. ఇగ మనిషిని ఎతుక్కుంటది.

నల్లరేగడిల ఎవడన్నా ఎర్తింగు పెడతడు. గా కొండాపూర్ బండ మీద పెట్టుండ్రి సూద్దాం! గడ్డపార ఏస్తే గడ్డపారే వంగుతది. గందుకే గా దిక్కు ఏ కంపెనీ ఫంక్షనైనా వీరేశమే రావాలె. నేను బండ మీద సెవి పెట్టి ఇంట. ఏడ పగులున్నదో, గా పగులు ఎంత లోతున్నదో చెప్త. బెంగుళూరుకెల్లి ఒక ఇంజనీరు డబ్బా లెక్క మిషన్ పట్టుకొచ్చిండు, ముల్లు తిరుగుతది అండ్ల. పొద్దంత తిరిగిండు, ముల్లు తిరగలే. నేను బీడి ముట్టిచ్చి ఆర్పేలోపట్నే పగులు సూపిచ్చిన. నా కాల్లు మొక్కిండు.

మొక్కలే. భుజం మీద చెయ్యేసిండు. గది నిజం.

పగుల్ల రాడు దింపుత. ఉప్పు, బొగ్గు, ఎర్రమట్టి కూరుత. ఇగ నీల్లు తాపుడు. పసిపిల్లకు తాపినట్టు, జరంత జరంత. రెండు పాటలకొక బిందె. ఎండకాలమైతే పాటకొకటి, బండ పెంకు లెక్క కాగుతది గదా. గందుకే నా జాగ ఎప్పుడు స్టేజి ఎనుకనే, గా గుంత కాడ.

ప్రియమ్మకు గీ సంగతి అంత ఎరికే. ప్రోగ్రాం షురూ అయ్యే ముందల మైకును నేను ఎడమ చెయ్యి ఎనుక దిక్కుతోని తాకి ఇచ్చేటోన్ని. అరచేతితోని తాకితే కరెంటు పట్టుకుంటది, ఎనుక దిక్కైతే చెయ్యి ఎగిరొస్తది. నేను తాకేదాంక ఆమె తాకేది కాదు. "ఏం వీరేశన్నా, బతికే ఉండావా?" అనేది. "ఉన్న బిడ్డా." "అయితే ఇటియ్యి." ప్రతి పారి గదే మాట, ప్రతి పారి గదే నవ్వు. ఎవడన్నా పెద్ద ఆఫీసరు పూలగుత్తి ఇయ్యవోతే గూడ, "ఉండండి సార్, మా వీరేశన్న బతికినాడో లేదో సూసుకోనీయండి" అనేది. ఇగ నేను వారం దినాలు ఖాజాగూడల కాలరెగరేసుకొని తిరుగుతుంటి.

ఆఖరు పాటకు ఇంకో పద్ధతి. చెంబు నీల్లు పోసుకునేటప్పుడు మైకు స్టాండుకు పెట్టి పోయేది. నేను గుంతల ఆఖరు బిందె పోసి, లేసి చెయ్యెత్తుత. మా మైకోల్లల్ల చెయ్యెత్తితే లైన్ ఓకే అన్నట్టు. ఆమె తిరిగి నా చెయ్యి సూసి, గప్పుడు మైకు పట్టుకునేది. తడిసిన చేతులతోని, అవును, తడిసిన చేతులతోనే! అరే, గంత జాగర్తగుండే పిల్లను పట్టుకొని అజాగ్రత్త అంటరా? మీ పెన్నుకు సిగ్గుండాలె.

మాఫ్ జెయ్యుండ్రి. మాట జారింది.

గానాడు ఎట్ల పాడిందంటరా? ఏం చెప్పాలె సారూ. నలభై మూడింట్ల గంత మంచిగ ఎన్నడు పాడలే. నాలుగో పాటల గొంతు సన్నగ జేసి, సన్నగ జేసి, ఇగ తెగుతది తెగుతది అనంగ... తెగలే. దీపం మీద చెయ్యి అడ్డం పెట్టినట్టు నిలవెట్టింది. ముక్కుపుల్ల మీద లైటు వడి తళతళ మెరుస్తున్నది. మెడ మీద నరం ఒకటి లేసింది, ఈడ, గిట్ల. మూతి మీద చెమట బొట్టు ఉన్నది, వడతలేదు. పెదవి చివర నవ్వాపుకున్నట్టు జర వంకర...

ఏంది?

ఏమన్నరు?

ఆఁ, ఎనుకనే ఉంట. ఎనుకుంటే ముక్కుపుల్ల ఎట్ల కనవడ్డదంటే... కనవడదు. నేను అన్ని దిక్కుల తిరుగుతుంట సారూ, వీరేశమంటే ఏమనుకున్నరు, ఒక్క కాడ కూసునే మనిషా?

నీల్లున్నయా జర? ఫ్యాను గూడ సప్పుడే తప్ప గాలి లేదు మీ ఆఫీసుల.

సరే సారూ. మీరు మంచిగ పట్టుకున్నరు. మందు పెట్టినా పగలని బండను చిన్న సుత్తెతోని కొట్టిండ్రు.

మా ఇంటామె పోచమ్మ. ఆమెకు ప్రియమ్మంటే పానం. నేనింటికి పోంగనే ప్రోగ్రాం ముచ్చట చెప్పాలె. నేను చెప్తుంటి. నన్ను సూసి పాడింది, నన్ను సూసి నవ్వింది, ముందటి కుర్చీల నన్నే కూసోవెట్టిండ్రు అని. కల్లు కాంపౌండుల గూడ గవే కోతలు. అందరు ఇంటుండిరి. ఒకనాడు పోచమ్మ జొన్నరొట్టె కొట్టుకుంట అడిగింది. "అయ్యా, ఆమె పాడేటప్పుడు కండ్లు మూసుకుంటదా, తెరుసుకుంటదా?"

గంతే సారూ. గంత చిన్న మాట.

నాకెరికలేదు. నలభై రెండు ప్రోగ్రాంలు. ఆమె ఈపు ఎరికే, మడిమలు ఎరికే, ఎడమ మడిమ మీద పగులు ఎరికే, ఊపిరి ఎరికే. ఏ పాటల రవిక ఏడిదాంక తడుస్తదో ఎరికే. పాడేటప్పుడు ముఖం మాత్రం ఒక్కనాడు సూడలే. బాక్సులు గూడ జనం దిక్కే ఉంటయ్ గదా, నాకొచ్చేది దమ్ దమ్ అని ఎనుక సప్పుడే. పెండ్లిల వంటోడు తిననట్టు.

"మూసుకుంటది" అన్న. పోచమ్మ నా మొగం దిక్కు సూసి, రొట్టె తిప్పింది. నమ్మలే. అబద్ధమని ఆమెకు తెలిసింది. గానాటి సంది గది నా గొంతుల చాప ముల్లు లెక్క ఇరుక్కున్నది.

గానాడు కొండాపూర్ల మూడో పాట అయినంక గుంతల బిందె పోసిన. అనుకున్న, ఒక్క పాట. ఒక్కటంటే ఒక్క పాట ముంగటికెల్లి సూసొస్త. కండ్లు సూస్త, వస్త. డేరా పక్కకెల్లి పోయిన. కంప్యూటర్ పోరగాల్ల నడుమ, ఇరవయ్యో వరుసల నిలవడ్డ.

సారూ, గప్పుడు తెలిసింది నాకు. పదివేల మందికి ఇన్నేండ్లు నేను తాపింది ఏందో గప్పుడు తెలిసింది. పాట ముంగట నిలవడితే అది చెవికి తాకది. ఈడ తాకుతది, రొమ్ము బొక్క మీద. నా పక్కన టై కట్టుకున్న పోరగాడు ఏడుస్తున్నడు. ఎందుకు ఏడుస్తున్నవ్ బాబూ అంటే "తెలీదంకుల్" అన్నడు. నా మైకే, నా వైర్లే, నా బాక్సులే. గని గా పాట నేనెన్నడు ఇనలే.

ఒక్క పాట అయిపోయింది. రావాలె గదా? రాలే. అయిదోది అయిపోయింది. ఆరోది. కాల్లు లేస్తలేవు సారూ. గుంత యాదికొచ్చింది. అబద్ధమెందుకు, యాదికొచ్చింది. ఇంకో పాటకు ఏమైతది, మొన్న రెండు పాటలు ఆగింది గదా అనుకున్న. మొన్నటిది మబ్బు దినం. గానాడు గా బండ ఆమ్లెట్ ఏసేటట్టున్నది.

కండ్లు సూసిన.

గది చివరికి చెప్త.

చెంబు నీల్లు పోసుకున్నది. జనం లొల్లి. మైకు స్టాండుకున్నది, ఆమె ఇంకా తాకలే. ఎనుకకు తిరిగింది, నా చెయ్యి కోసం. నేను లేను. గుంత కాడ ఒట్టి బిందె ఉన్నది. మల్ల ఇటు తిరిగి, నీల్లు కారుకుంట, స్టాండు కాడికి మూతి తెచ్చి, పదివేల మంది ముంగట అన్నది, "మా వీరేశన్న యాడికి పోయినాడబ్బా? ఆయన చెయ్యెత్తకుంటే నేను పాడను!"

నా పేరు సారూ.

పదివేల మంది నవ్విండ్రు. "వీరేశన్నా! వీరేశన్నా!" అని అరుస్తున్నరు. బాక్సులల్ల నా పేరు. నా బాక్సులల్ల నా పేరు! కొండాపూర్ గుట్టలన్ని తిప్పి అంటున్నయ్. నేను ఉరకాలె గప్పుడు. లేకుంటే "తాకకు బిడ్డా" అని కూత పెట్టాలె. బిందె నీల్లు, గంతే గదా. ఇరవై వరుసలు, ఎంత దూరం?

నేనేం జేసిన ఎరికనా? పక్కన పోరగాని భుజం తట్టి "నన్నే! గా వీరేశం నేనే!" అన్న. ఆడు నమ్మనట్టు సూసిండు. నమ్మాలె గదా? నా బతుకుల నేను చెప్పింది ఒక్కటన్నా ఎవడన్నా నమ్మాలె గదా?

చెయ్యెత్తిన.

గిట్ల, పొడుగ్గ. "నేనే! ఈడున్న బిడ్డా!" అని చెయ్యెత్తిన.

సూసింది సారూ. గంత మందిల నా చెయ్యిని సూసింది. నవ్వింది. లైన్ ఓకే అనుకున్నది.

పట్టుకున్నది.

...

ముందుగాల జనం అది గూడ డాన్సే అనుకున్నరు. చప్పట్లు కొట్టిండ్రు. నాకు మాత్రం తెలిసింది. మడిమ తన్నలే గదా. మూడు పార్ల తన్నాలె. తన్నలే.

గదే సారూ సంగతి. చెప్పిన. ఇన్ని దినాల సంది పోచమ్మకు గూడ చెప్పలే. బువ్వ పెడుతది. ఎరికైందేమో, అడగది. రాసుకోండ్రి ఇగ. వీరేశం గుంత ఇడిసిపెట్టి పోయిండు, నాలుగో పాట సంది నీల్లు తాపలే, గది సాలదన్నట్టు చెయ్యెత్తిండు. ఆమె తప్పు లేదు, ఒక్క తప్పు లేదు. గట్ల రాయుండ్రి, గప్పుడు ఏలు గాదు, చెయ్యంత ముద్రేస్త. జైలుకు తోల్కపోతరా, తోల్కపోండ్రి. ఫికర్ లేదు.

రాస్తలేరేంది?

పెన్ను మూత ఎందుకు పెట్టిండ్రు సారూ?

నేను కోతలు కోసేటోన్ని, ఒప్పుకుంట. బండ ముచ్చట అబద్ధం, ఇంజనీరు కాల్లు మొక్కింది అబద్ధం. గిది నిజం సారూ! గిదొక్కటి నిజం. గుంత కాడికి పోదాం పాండ్రి, సూపిస్త. ఆఁ? మట్టి పోసి మూసేసిండ్రా? మీద గడ్డి గూడ పెట్టిండ్రా? పూలకుండీలా? అబ్బో, జల్దీ పని.

ఎర్తింగు అని రాస్తే కంపెనీ దాంక పోతదా. రవీందర్ సారు దాంక, ఆడికెల్లి లైను ఇచ్చినోల్ల దాంక, మీ ఆఫీసు దాంక పోతదా. మరి పోనియ్యుండ్రి! కరెంటు ఏడికి పోవాలెనో గాడికి పోవాలె గదా. పోనియ్యకుంటేనే గదా మనిషిని పట్టుకుంటది.

గదేంది, ఇంకో కాయితం? నాకు సూపిస్తరెందుకు, నాకు రాదు గదా. ఎవరి దస్కత్?

ఓబులేసు సారుదా?

తండ్రిదా?

ఆయన గూడ పెట్టిండా... "నా కూతురు అజాగ్రత్త" అని?

ఏమన్నడు పెట్టేటప్పుడు? "ఎవరిని ఏమంటే నా బిడ్డ వస్తుందప్పా" అన్నడా. గంతేనా. గంతే అని లేసిపోయిండా.

...

ఇగ నేనెవన్ని సారూ.

కన్న తండ్రే వొద్దనుకున్నంక, మైకు సెట్టోడు ఒత్తకుంటే ఏమైతది, ఒత్తితే ఏమైతది. మీ ఫైలు ఇంకో నాలుగు దినాలు బల్ల మీద ఉంటది. గంతే గదా.

ఏ ఏలు? ఎడమదా? గీ చెయ్యేనా? సరే తియ్యుండ్రి సిరా డబ్బా.

ఒక్కటి మాత్రం రాస్తరా? యాడన్న ఒక మూలకు. పాడేటప్పుడు ఆమె కండ్లు తెరుసుకునే ఉంటదని. పెద్దగ తెరిసి, ఒక్కొక్కల్ల ముఖం ఎతుక్కుంట పాడుతదని. రాయనీకి జాగ లేదా. అవును, గా కాయితంల గసుంటి గడి ఏడుంటది.

ఒత్తిన. సూడుండ్రి, వడ్డదా?

బట్ట వద్దు సారూ. ఉండనియ్యుండ్రి సిరా.

బయట రవీందర్ సారు జీపుల సూస్తుంటడు, పని అయిందా లేదా అని. గంత దూరం నడిసి చెప్పే ఓపిక నాకు లేదు. మీ గడప కాడ నిలవడి, ఈడికెల్లే చెయ్యెత్తుత.

ఆయనకు ఎరికే. లైన్ ఓకే అన్నట్టు.